జైలు పరిచర్య మొదలుపెట్టేవారు ముందుగా తెలుసుకోవలసినది

మీ మందిరంలోని యువకులు జైలు పరిచర్య మొదలుపెట్టాలనుకుంటున్నారని, నెలకోసారి వెళ్లి ఖైదీలకు బైబిలు వాక్యం చెప్పి వస్తే నిజంగా ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. కోనసీమలోని మా సంఘం తరఫున తొమ్మిదేళ్లుగా రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి వెళ్తున్నాను కనుక నా అనుభవం చెబుతాను.

ప్రయోజనం తప్పకుండా ఉంటుంది. అయితే అది వాక్యం ఎంత బాగా చెప్పామన్న దానికంటే, వస్తామన్న రోజున వచ్చామా లేదా అన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. మొదటి ఏడాది ఒకసారి బంధువుల పెళ్లి ఉందని నేను మానేశాను. మరుసటి నెల ఒక పెద్దాయన, "ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని సాయంత్రం దాకా ఎదురుచూశానండి" అన్నారు. ములాఖత్‌కు ఎవరూ రాని మనిషి ఆయన. ఆ మాట ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

ఆయనకు చదువు రాదు. నేను కొత్త నిబంధన చదువుతుంటే అక్షరాల కింద వేలు పెట్టి నాతోపాటు జరిపేవారు. ప్రార్థన అయ్యాక మాత్రం, "కాలువకు నీళ్లు వదిలారా అండీ?" అని అడిగేవారు. సార్వా (ఖరీఫ్) వరి నాట్లు ఎంతవరకు వచ్చాయో కొన్ని నెలలపాటు చెప్పుకున్న తర్వాతే తన కూతురి గురించి, తాను చేసిన తప్పు గురించి నోరు విప్పారు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీలలు పాడుతుంటే ఖైదీలు విన్నారని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో చదువుతాం. అక్కడ మనమూ వినాలని నాకు నేర్పింది ఆయనే.

సూపరింటెండెంటు గారి అనుమతి లేకుండా ఒక్క ఉత్తరమైనా లోపలికి, బయటికి చేరవేయకండి. ఏం కేసు అని అడగకండి. సహాయానికీ ప్రార్థనకూ ముడిపెట్టకండి. అన్య మతస్థుడు సబ్బు అడిగితే సబ్బు ఇచ్చి రండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. వకీలును పెట్టుకోలేని రిమాండు ఖైదీకి ఈ సంగతి చెప్పి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోమనడం కూడా పరిచర్యే.

విడుదలయ్యే రోజున గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండేలా చూడండి. ఆ పెద్దాయన కోసం మేము ఇద్దరం వెళ్లాం. అమలాపురం బస్సు రావులపాలెం దాటాక కాలువ కనబడగానే, ఆయన కిటికీ పక్కకు జరిగి, దిగేదాకా నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నారు.