శారదను బోనెక్కించే ముందు

అమ్మడూ,

నీ నవల నూట పది పేజీలూ చదివాను. కంటి ఆపరేషన్ అయ్యాక ఇంత ఒక్కసారిగా చదవడం ఇదే. "మొహమాటం లేకుండా చెప్పు పెద్దమ్మా" అన్నావు కాబట్టి ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను మెత్తబడిపోతాను.

నేనేం పెద్ద రచయిత్రిని కాదు, వారపత్రికల్లో నాలుగు కథలు పడ్డాయంతే. కాకపోతే మున్సిఫ్ మేజిస్ట్రేటు కోర్టులో 31 ఏళ్ళు టైపు మిషన్ ముందు కూర్చున్నాను. సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, మేం కొడతాం. సొంతవాళ్ళ కోసం అబద్ధం చెప్పేవాళ్ళ గొంతు ఎలా ఉంటుందో ఆ కుర్చీలోనే విన్నాను. నీ నవల దాని గురించే కాబట్టి, నాకు తెలిసింది ఇంతో అంతో పనికొస్తుందని ఆశ.

ముందు నీ రాఘవయ్య సంగతి. రైసు మిల్లు యజమాని, బంగారు ఉంగరాలు, కోపం వస్తే కుర్చీ తన్నడం. ఇలాంటి మనిషిని నేను సినిమాల్లో చూశాను గానీ కోర్టులో చూడలేదు. కోర్టుకి వచ్చే రాఘవయ్యలు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బంట్రోతుకి కూడా నమస్కారం పెట్టి, వరండాలో నిలబడి పిల్లల ఫీజుల గురించి మాట్లాడుకుంటారు. నీ కథలో బస్తాల నెట్టు కూలిపోయి ఒక హమాలీ చనిపోతే శవాన్ని ట్రాక్టర్లో తీసుకెళ్ళి కాలవగట్టు రోడ్డు మీద పడేయించాడు. బాగుంది. ఎందుకు పడేయించాడు? "దుర్మార్గుడు కాబట్టి" అన్నట్టు రాశావు. ఒక్క దుర్మార్గం కోసమే మనిషి రాత్రి రెండింటికి నిద్ర మానుకోడు.

లెక్క వెయ్యి. పనిలో ఉండగా పోయాడంటే 1923 నాటి కూలీల నష్టపరిహారం చట్టం కింద యజమాని డబ్బు కట్టాలి. రోడ్డు మీద లారీ గుద్ది పోయాడంటే మిల్లుకి సంబంధమే లేదు. ఇది ఒక కారణం. మిల్లు బ్యాంకు అప్పులో ఉందని పదో పేజీలో నువ్వే రాశావు, తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. అన్నిటికన్నా పెద్ద కారణం నీ చేతిలోనే ఉంది, చూసుకోలేదు. అతని చెల్లెలు శారద పెళ్ళి నెల రోజుల్లో ఉంది. మిల్లు మీద కేసు అంటే మగపెళ్ళివారు వెనక్కి తగ్గుతారు. అంటే రాఘవయ్య ఆ అబద్ధం ఆడింది చెల్లెలి కోసమే. అది కొంతవరకు నిజం కావాలి, అతను మనసారా నమ్మాలి, శారదకి తెలియాలి. అప్పుడు ఆమె మేడ మీంచి ట్రాక్టరు వెళ్ళడం చూసిన రాత్రికి బరువొస్తుంది. ఇప్పుడు మాత్రం, చెడ్డ అన్నని చూసి మంచి చెల్లెలు అసహ్యించుకుంది, అంతే. మంచి చెల్లెలు చెడ్డ అన్నని పట్టించడానికి నవల దేనికి, పోస్టుకార్డు చాలు.

ఇంకో సంగతి, నీ కథ 1993లో జరుగుతోంది కాబట్టి చెబుతున్నాను. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. చట్టం 1986లో వచ్చినా అమలు లెక్క 1985 సెప్టెంబరు 5 నుంచి. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన ఆడపిల్లకి ఆ వాటా లేదు. ఆ తేడా 2005లో కేంద్రం సవరణ తెచ్చాకే పోయింది. ఇప్పుడు నీ కథలో కుటుంబానికి వంశవృక్షం గియ్యి. పెద్దక్కకి 1983లో పెళ్ళయింది, పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చి పంపారు, ఆమెకి మిల్లు స్థలంలో ఏమీ లేదు. శారదకి ఇంకా పెళ్ళి కాలేదు, కాబట్టి తాతల నాటి ఆ స్థలంలో అన్నతో సమానంగా ఆమెకీ వాటా ఉంది. ఒకే తల్లి పిల్లలు, ఒక తేదీకి అటొకరు ఇటొకరు. రాఘవయ్యకి శారద నోరు మూయడమే కాదు, పెళ్ళికి ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు వదులుకున్నట్టు సంతకం కూడా కావాలి. పట్టుచీర కొనిపెట్టి, "అన్నయ్య మీద నమ్మకం లేదా అమ్మా" అంటాడు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో నిజంగానే ప్రేమ ఉండాలి. పెద్దక్క పక్కనే కూర్చుని ఏం మాట్లాడుతుందో నువ్వు ఆలోచించుకో. నాకైతే ఆమే నీ నవల్లో అందరికన్నా ఆసక్తి కలిగించే మనిషి. నువ్వు ఆమెకి కాఫీలు ఇచ్చే పని అప్పగించావు.

ఇక కోర్టు సీను. చివర్లో రాఘవయ్యకి యావజ్జీవం వేయించావు. అంత శిక్ష రాదు తల్లీ. నిర్లక్ష్యం వల్ల మరణం అంటే ఐపీసీ 304-ఎ. అప్పటికి రెండేళ్ళే గరిష్ఠం, జరిమానాతో వదిలిపెట్టినా వదిలిపెట్టచ్చు. శవాన్ని మార్చినందుకు ఇంకో సెక్షన్ తగిలినా యావజ్జీవం దాకా పోదు. శిక్ష తగ్గితే కథ తేలిపోతుందని భయపడకు. అంత చిన్న శిక్ష తప్పించుకోవడానికి ఎంతమంది ఎన్ని మెట్లు దిగారో చూపించడానికి నీకు చోటు దొరుకుతుంది. శవ పంచనామాలో సంతకం పెట్టిన పంచాయతీదార్లు, రాత్రి కాపలా మనిషి, ట్రాక్టరు డ్రైవరు. ఒక్కొక్కడికీ రాఘవయ్య ఎప్పుడో ఏదో సాయం చేసి ఉంటాడు. కాపలావాడి కూతురి పురుడుకి జీపు పంపి ఉంటాడు. ఆ రుణం వాడి నోటికి తాళం. చిన్న ఊళ్ళో లంచం ఇచ్చేవాళ్ళు తక్కువ, మేలు చేసిపెట్టేవాళ్ళు ఎక్కువ. లంచం తీసుకున్నవాడు ఎదురు తిరగచ్చేమో గానీ మేలు పొందినవాడు తిరగడు.

శారద పోలీసులకి నిజం చెప్పి, కోర్టులో మాట మార్చినట్టు రాశావు. సరే, అలా జరుగుతుంది. పోలీసులు రాసుకునే 161 స్టేట్‌మెంటు మీద సాక్షి సంతకం ఉండదు. అందుకే కోర్టుకి వచ్చాక "నేనలా చెప్పలేదండీ" అనడం అంత తేలిక. అప్పుడు సర్కారు వకీలు ఆమె ఎదురు తిరిగిందని కోర్టు అనుమతి తీసుకుని తన సాక్షినే తాను క్రాస్ చేస్తాడు. నువ్వు మాత్రం ఆమె చేత రెండు పేజీల ఉపన్యాసం ఇప్పించావు. బోనులో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఇవ్వనివ్వరు కూడా. "అడిగినదానికి జవాబు చెప్పమ్మా" అంటారు.

నేను చూసినది ఒకటి చెబుతాను. ఊరూ పేరూ వద్దు. ఇలాంటి కేసే, అన్న ముద్దాయి, చెల్లెలు సాక్షి. "ఆ రాత్రి మీ అన్న ఇంట్లోనే ఉన్నాడా?" అని అడిగారు. ఆమె జడ్జిగారి వైపు చూడలేదు, అన్న మొహమూ చూడలేదు. అన్న కాళ్ళ వైపు చూసింది. అతనికి ఒక కాలు చిన్నప్పటి పోలియోతో సన్నగా ఉండేది. ఎంతసేపు చూసిందంటే, నేను కాగితాల మధ్య కార్బన్లు సర్దుకుని, రోలరు తిప్పి, మళ్ళీ వేళ్ళు మీటల మీద పెట్టుకునేంతసేపు. "ఇంట్లోనే ఉన్నాడండీ" అంది. నేను కొట్టింది ఒక్క వాక్యం. ఆమె చూసిన చూపు రికార్డులో లేదు. కిందికి దిగి నా బల్ల దగ్గర ఆగి, "మంచినీళ్ళు ఎక్కడున్నాయమ్మా" అని అడిగింది. కూజా చూపించాను. గ్లాసు ఎత్తి తాగింది, మెడంతా తడిసిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళుతూ బస్టాండులో చూశాను. వాళ్ళ ఊరికి నాలుగు గంటల బస్సు ఒక్కటే. అన్న, చెల్లెలు, చనిపోయిన అబ్బాయి తల్లి, ముగ్గురూ ఆ బస్సు కోసమే నిలబడ్డారు. బస్సు వచ్చింది, జనం ఎగబడ్డారు. ఆ ముసలామె సంచి కిటికీలోంచి లోపలికి అందించింది ఈ అమ్మాయే. సీటు ఆపడానికి. వాళ్ళు ఒకరితో ఒకరు ఏమైనా అనుకున్నారో లేదో నాకు తెలీదు, బస్సు కదిలిపోయింది. చిన్న ఊరంటే ఏంటో రాయాలంటే గడియారస్తంభం, రావిచెట్టు, టీ కొట్టు వర్ణించక్కర్లేదమ్మడూ. నువ్వు అన్యాయం చేసిన మనిషి, నువ్వు ఎక్కే బస్సే ఎక్కుతుంది. అది ఉంటే చాలు.

ఇంకో చిన్న చిట్కా, నచ్చితే వాడుకో. భర్త కాపురంలో భార్యతో చెప్పుకున్న మాటని కోర్టులో ఆమె చేత చెప్పించకూడదు, సాక్ష్య చట్టం 122వ సెక్షన్. కానీ ఆమె కళ్ళారా చూసింది చెప్పించచ్చు. అంటే రాఘవయ్య పెళ్ళాం ఆ రాత్రి వీధి తలుపు తీసినప్పుడు అతని పంచెకి మట్టి అంటి ఉండడం చూసిందా, లేక అతను పక్క మీద పడుకుని చెబితే విన్నదా అన్నదాని మీద మొత్తం కేసు ఆధారపడుతుంది. చెల్లెలికి ఆ రక్షణ ఏదీ లేదు. ప్లీడరు ఇంటికొచ్చి ఆడవాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి "వదినగారూ, మీరు విన్నారా, చూశారా?" అని మెల్లగా అడిగే సీను రాయగలిగితే, నాకు చదవాలని ఉంది. (2024 జులై నుంచి కొత్త చట్టాలొచ్చి ఈ నంబర్లన్నీ మారిపోయాయి. నీ కథ 93 కాబట్టి పాతవే రాయి.)

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. నూట పది పేజీల్లో కులం అన్న మాట ఒక్కసారి కూడా లేదు. గుంటూరు జిల్లా ఊరు, 1993, మిల్లు, హమాలీలు, అయినా ఎవరిది ఏ పేటో తెలియదు. ఎలా కుదురుతుంది? చుండూరు ఊచకోత జరిగి అప్పటికి రెండేళ్ళు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ తర్వాత మన వైపు ఊళ్ళల్లో పనికి పిలిచే గొంతు కూడా మారింది, పలికే గొంతూ మారింది. ఆ కేసుకి ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నీ పాత్రలకి ఈ తీర్పులు తెలియవు, నీకు తెలుసు. పేర్లు పెట్టి చర్చలు పెట్టించమనడం లేదు. మిల్లు ముందు హమాలీలకి టీ ఏ గ్లాసులో వచ్చేదో రాయి, చాలు. నీకు ఆ మాట రాయడానికి బెరుకు ఎందుకో కూడా నాకు తెలుసు. మన ఇంట్లోనూ వేరే గ్లాసు ఉండేది, పెరట్లో జామచెట్టు కొమ్మల మధ్య. మా నాన్న, అంటే మీ తాతయ్య, మంచివాడే. అది కూడా నిజమే.

అన్నట్టు, చనిపోయిన మనిషికి నువ్వు పేరు పెట్టలేదు. ట్రాక్టరు ఏ కంపెనీదో రాశావు, కుక్క పేరు రాశావు, అతన్ని మాత్రం అన్ని చోట్లా "ఆ హమాలీ" అన్నావు. 75 కిలోల బస్తా వీపున వేసుకుని పలక ఎక్కేవాడు. అలాంటివాడి మెడ వెనక చర్మం ఎలా ఉంటుంది? భుజాన వేసుకునే గోనెపట్టా ఇంటికి తీసుకెళ్ళేవాడా, మిల్లులో మేకుకి తగిలించి వెళ్ళేవాడా? తగిలించేవాడైతే, చనిపోయిన మర్నాడు అది అక్కడే ఉంటుంది కదా. రోడ్డు మీద పోయినవాడి పట్టా మిల్లులో మేకుకి ఎందుకు వేలాడుతోంది? నీ పోలీసు కథకి దారి అక్కడే ఉంది, నువ్వేమో ఉత్తరం దొరికినట్టు రాశావు.

అతనికి ఇల్లు కూడా ఇవ్వు. వాళ్ళింట్లో కూడా విధేయతలు ఉంటాయి. అతని తమ్ముడు అదే మిల్లులో పని చేస్తుంటే? కేసు పెడితే తమ్ముడి కూలి పోతుంది. పెట్టకపోతే వదిన మొహం చూడలేడు. శారద ఇంట్లో జరిగే మథనమే ఆ ఇంట్లోనూ జరుగుతుంది. కాకపోతే అక్కడ వాయిదాకి వెళ్ళిన ప్రతి రోజూ కూలి పోతుంది, బస్సు చార్జీలు అవుతాయి. నేనున్న కోర్టులో ఎంతోమంది కేసు ఓడిపోలేదు, వాయిదాలకి రావడం మానేశారంతే. బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. వరండాలో ఎవరూ లేవరు.

నీ నవల్లో లాయరు పాత్ర నాకు నచ్చలేదు. ప్రతి సీనులోనూ అతనిదే గెలుపు. తీసెయ్యమనను. ఒక్క కేసన్నా ఓడిపోనివ్వు, ఫీజు ఎవరిస్తున్నారో చెప్పు.

శారద చివరికి ఏం చేస్తుందో నన్ను అడిగావు. నేను చెప్పను. నిజం చెబితే మంచిదని, చెప్పకపోతే చెడ్డదని తేల్చేసి రాయడం మొదలుపెట్టావు, అందుకే ఆమె కొయ్యబొమ్మలా నిలబడింది. ముందు ఆ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు సీను, చనిపోయినవాడి ఇంటి సీను రాసి పంపు. ఆ ఇంటికి శారద వెళ్ళినప్పుడు ఏమీ మాట్లాడించకు. అతని తల్లి ఏం పని చేసుకుంటూ ఉందో, శారదని ఎక్కడ కూర్చోమందో, అసలు కూర్చోమందో లేదో, అంతవరకే రాయి.

వచ్చే నెల మీ అమ్మ వస్తానంది, ఆమెతో పంపించు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో, ఒక వైపే ప్రింటు తీయించు. రెండో వైపు నేను రాసుకోవాలి.

పెద్దమ్మ