పెదవి మీద, మర్మాంగాల దగ్గర కనిపించే తెల్లని గింజలు వ్యాధేనా?

పెదవి అంచున, వృషణాల సంచి చర్మం మీద రవ్వ గింజల్లాంటి తెల్లని పొక్కులు ఉన్నాయని, ఇంతవరకు ఎవరితోనూ శారీరక సంబంధం లేకపోయినా సుఖవ్యాధేమోనన్న భయంతో నిద్ర పట్టడం లేదని, రెండు నెలల్లో పెళ్లి కనుక ఈ సంగతి కాబోయే భార్యకు చెప్పాలా వద్దా అని మీరు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. అయితే ఇదే భయంతో ఒకప్పుడు ఎనిమిది నెలలు గడిపినవాణ్ణి కనుక, నాకు జరిగినదీ, చర్మ వైద్యురాలు నాకు వివరించినదీ మీకు చెప్పగలను.

అప్పుడు నాకు 22 ఏళ్లు. హైదరాబాదులో హాస్టల్ గదిలో గడ్డం గీసుకుంటూ పై పెదవిని సాగదీసినప్పుడు, పెదవి ఎరుపు, చర్మం కలిసే గీత వెంబడి లేత పసుపు రంగులో చిన్న చిన్న గింజలు కనిపించాయి. ఆ తరువాత కింద కూడా చూసుకున్నాను, అక్కడా ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు. కానీ ప్రతి రాత్రీ ఫోన్‌లో భయంకరమైన వ్యాధుల బొమ్మలు చూస్తూ, వాటిలో ఏదో ఒకటి నాకు వచ్చిందని నిశ్చయించుకునేవాణ్ణి. గోళ్లతో నొక్కితే ఒకదానిలోంచి మైనం లాంటి తెల్లని పదార్థం కొద్దిగా వచ్చింది, దాన్ని చీము అనుకుని మిగిలినవాటినీ గిల్లాను. రక్తం వచ్చి, రెండు చోట్ల మచ్చ పడింది. చివరకు మెడికల్ షాపులో సిగ్గుపడుతూ సగం చెప్పి, సగం చెప్పక అడిగితే, తామరకు ఇచ్చే క్రీము ఒకటి చేతిలో పెట్టారు. మూడు వారాలు రాసేసరికి అక్కడి చర్మం ఎర్రబడి, పలచబడి, స్నానం చేస్తే మండడం మొదలైంది. అంటే అప్పటిదాకా ఏ బాధా లేని చర్మానికి బాధను తెచ్చిపెట్టింది నా చేతులూ, ఆ క్రీమూనే.

ఆ మంట భరించలేకనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. ‘చర్మ, సుఖవ్యాధుల విభాగం’ అన్న బోర్డు చూసి మొదటి రోజు వెనక్కి వచ్చేశాను. మీరు అలా చేయవద్దు, ఎందుకంటే మన దేశంలో చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు ఈ మూడూ ఒకే వైద్య శాఖ కిందకు వస్తాయి, ఆ వరుసలో నిలబడినవారిలో ఎక్కువమంది తామరకో, జుట్టు రాలుతోందనో వచ్చినవారే. రెండో రోజు లోపలికి వెళితే వైద్యురాలు చర్మం చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: ‘ఇవి ఎప్పటినుంచి ఉన్నాయి, అప్పటినుంచి ఏమైనా మారాయా?’ మారలేదన్నాను. చర్మాన్ని కాస్త సాగదీసి చూసి, ఏ పరీక్షా రాయకుండా, ఇవి ఫోర్డైస్ మచ్చలని చెప్పారు.

1896లో వీటిని వర్ణించిన అమెరికా చర్మ వైద్యుడు జాన్ అడిసన్ ఫోర్డైస్ పేరు మీదుగా వీటికి ఆ పేరు వచ్చింది. చర్మానికి నూనెను ఇచ్చే సెబేషియస్ గ్రంథులు సాధారణంగా వెంట్రుక కుదురును అంటిపెట్టుకుని ఉంటాయి. పెదవుల మీద, బుగ్గల లోపల, మర్మాంగాల మీద కొన్ని గ్రంథులు మాత్రం వెంట్రుక లేకుండానే ఉంటాయి, అక్కడి చర్మం పలచన కనుక పైకి కనిపిస్తాయి. నేను చీము అనుకున్న ఆ తెల్లని పదార్థం ఈ నూనే. పుట్టుకతోనే ఉండే ఈ గ్రంథులు యుక్తవయసు హార్మోన్ల వల్ల పెద్దవై కంటబడతాయి. ఒక్కొక్కటి 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికి ఇవి ఉంటాయని ఆమె చెప్పినప్పుడు, నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఇవి అంటుకోవు, శుభ్రత లోపం వల్ల వచ్చేవీ కావు.

ఇలాంటి నిరపాయమైనవి ఇంకా ఉన్నాయి. కొందరు మగవారికి శిశ్నం తల అంచు చుట్టూ ముత్యాల వరుసలా ఒకే పరిమాణంలో చిన్న బొడిపెలు ఉంటాయి, వయసుతో అవి తగ్గుతాయి. స్త్రీలలో యోని ద్వారం లోపలి అంచున రెండు పక్కలా సమానంగా మెత్తని గులాబీరంగు బొడిపెలు కనిపించవచ్చు. వీటిని పులిపిరులుగా పొరబడి కాల్పించుకునేవారి సంగతి తలుచుకుంటే నాకు చాలా బాధ కలుగుతుంది.

అయితే నా మాట విని అన్నిటినీ ఫోర్డైస్ మచ్చలేనని మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే పులిపిరులు వారాలు, నెలలు గడిచేకొద్దీ పెరుగుతాయి, సంఖ్యలో ఎక్కువవుతాయి, ఒక్కోసారి కాలీఫ్లవర్‌లా గరుకుగా గుత్తి కడతాయి. హెర్పిస్ అయితే నీటి పొక్కులు గుంపుగా లేచి, మండి, పగిలి పుండ్లవుతాయి. నడుమ చిన్న గుంట ఉన్న నున్నని గుండ్రటి పొక్కు మొలస్కమ్ అనే వైరస్ చర్మవ్యాధి కావచ్చు. నొప్పి లేని పుండును మరీ తేలికగా తీసుకోకూడదు, సిఫిలిస్ అనే సుఖవ్యాధి అలాగే మొదలవుతుంది. వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. జిల్లా ఆసుపత్రుల్లో సుఖవ్యాధులను చూసే సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి, అక్కడ ఉచితంగా, వివరాలు గోప్యంగా ఉంచి చూస్తారు.

ఫోర్డైస్ మచ్చలకు చికిత్స అవసరం లేదు. లేజరుతో తీయించుకునేవారూ ఉన్నారు గానీ, అది అందం కోసం చేసేదే, పైగా మచ్చ పడే అవకాశం ఉంటుంది. నేను అడిగితే, వద్దని వైద్యురాలు గట్టిగానే చెప్పారు. నాకు రాసిచ్చింది ఒక మామూలు మాయిశ్చరైజర్ మాత్రమే. నేను వాడిన క్రీములో స్టెరాయిడ్ ఉందని, మర్మాంగాల దగ్గరి పలచని చర్మం మీద అది ఇంకా ఎక్కువ హాని చేస్తుందని, వైద్యుల చీటీ లేకుండా అలాంటిది ఇకపై రాయవద్దని చెప్పి పంపారు. మంట తగ్గడానికి నెలపైనే పట్టింది.

పెళ్లి విషయానికొస్తే, మీకున్నవి ఇవే అయితే దాచవలసింది గానీ, ఒప్పుకోవలసింది గానీ ఏమీ లేదు, ఆమెకు అంటుకునేదీ లేదు. కానీ మీ మనసులో అనుమానం ఉండగా నా జవాబుతో ఆగిపోవద్దు. ఈ వారంలోనే ఒకసారి చర్మ వైద్యునికి చూపించుకోండి. అప్పటిదాకా నొక్కకండి, గిల్లకండి, ఏమీ రాయకండి. లోపలికి వెళ్లాక మాట పెగలకపోతే, ‘కింద చర్మం మీద పొక్కులు ఉన్నాయి, చూడండి’ అన్న ఒక్క వాక్యం చాలు. నేను చెప్పగలిగిందీ అంతే, ఆ వైద్యురాలు మిగిలినవన్నీ తానే అడిగి తెలుసుకున్నారు.