సమీక్షల నక్షత్రాలను నమ్మి సైకిలు టైర్లు కొనబోతున్న హారికకు

చిరంజీవి హారికకు,

పెదనాన్న ఆశీస్సులు.

గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి నువ్వు పేరు ఇచ్చావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి, మన ఇంటి ఆడపిల్ల సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈది, 90 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆపైన 21.1 కిలోమీటర్లు పరుగెత్తబోతోందని ఇక్కడ కనిపించిన ప్రతివారికీ చెబుతున్నాను. అయితే నువ్వు పంపిన కొనుగోలు జాబితా చదివాక దిగులు కూడా పట్టుకుంది. అందులో ప్రతి వస్తువు పక్కనా ఏదో ఒక పత్రిక ఇచ్చిన నక్షత్రాలు ఉన్నాయి గానీ, అది నీకెందుకు కావాలో ఒక్కదాని పక్కనా లేదు.

ఈ పత్రికల సమీక్షలను నమ్మవచ్చా అని అడిగావు. రాసేవారు అబద్ధాలు చెబుతారని నేను అనను; వారిలో చాలామంది ఈ క్రీడను ప్రాణంగా చూసుకునేవారే. కానీ పరీక్షకు వస్తువు పంపే తయారీదారే చాలాసార్లు ఆ పత్రికకు ప్రకటనలు కూడా ఇస్తాడు. సమీక్షకుడు దాన్ని కొన్ని వారాలు వాడి తిరిగి పంపేస్తాడు కనుక, రెండో ఏడాది కుట్లు ఊడిపోతాయో లేదో అతనికి తెలిసే దారి ఉండదు. అమెరికాలో 1936లో మొదలైన కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ ప్రకటనలు తీసుకోదు, వస్తువులను సొంత డబ్బుతో కొని పరీక్షిస్తుంది. ఒక్క క్రీడ మీదే బతికే చిన్న పత్రికకు అది తలకు మించిన భారం.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది, నిజాయితీగానే చేసిన పరీక్ష తప్పుదారి పట్టించడం. 1990లలో ఇక్కడ ఇంగ్లండులో నాతో కలిసి సాధన చేసే తెనాలి మిత్రుడు ఒకడుండేవాడు. టైరు ఎంత సన్నగా ఉంటే, అందులో ఎంత ఎక్కువ గాలి కొడితే అంత వేగమని ఆ రోజుల్లో పత్రికలు రాసేవి. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. నున్నటి ఉక్కు డ్రమ్ము మీద టైరును తిప్పి కొలిస్తే, గాలి పెరిగే కొద్దీ టైరు నలగడం తగ్గి, అది మరింత తేలికగా దొర్లుతుంది. గరుకు రోడ్డు మీద మాత్రం, రాయిలా బిగిసిన టైరు చిన్న చిన్న ఎత్తుపల్లాలను తనలో ఇముడ్చుకోలేక సైకిలునూ మనిషినీ ఎగరేస్తుంది. ఆ కుదుపుల్లో మన ఒంటి నుంచి పోయే శక్తి డ్రమ్ము కొలతకు అందదు. నా మిత్రుడు 20 మిల్లీమీటర్ల టైర్లు కొని, 140 పీఎస్ఐ ఒత్తిడి దాకా గాలి కొట్టి, వాన వెలిసిన ఒక ఉదయం పల్లె దారి మలుపులో నా కళ్ల ముందే పడ్డాడు. టైరుకు నేల మీద పట్టు చిక్కలేదు. కాలర్‌బోన్ విరిగింది, హెల్మెట్ రెండుగా చీలింది. అంబులెన్సు వచ్చేదాకా అతని చెయ్యి పట్టుకుని తడి రోడ్డు మీద కూర్చున్నాను. ఇవాళ పత్రికలు 28 మిల్లీమీటర్ల టైర్లూ, తక్కువ గాలీ మేలని రాస్తున్నాయి. అప్పుడు వారు మోసం చేయలేదు. వారు కొలిచినది మనం తొక్కే రోడ్డును కాదు, అంతే. ఇంత తెలిశాక కూడా నీ జాబితాలో 23 మిల్లీమీటర్ల టైర్లు ఎందుకున్నాయి తల్లీ? ఎవరి పాత సంచికలోనైనా చూసి రాసుకున్నావా?

ఈతలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తు, ఆ వెట్‌సూట్‌ను జాబితాలోంచి తీసేయి. ఇంగ్లండు సరస్సుల చన్నీటిలో అది ఎంతో అవసరం, ఆ సమీక్ష రాసినదీ అలాంటి నీటి కోసమే. ఐరన్‌మ్యాన్ నియమాల్లో మనలాంటి ఔత్సాహికులకు దాన్ని వేసుకునేందుకు నీటి వేడి హద్దు 24.5 డిగ్రీలు, గోవా సముద్రం అంతకంటే వెచ్చగా ఉంటుంది.

ఇక గాలిని సులువుగా చీల్చే లోతైన రిమ్ముల చక్రాలు. తొక్కే శక్తిలో అవి ఇన్ని వాట్లు ఆదా చేస్తాయనే లెక్కలను సాధారణంగా గంటకు 48 కిలోమీటర్ల గాలి వేగం దగ్గర తీస్తారు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 30 దగ్గర తొక్కే నీకు ఆ వాట్లలో పావు వంతు మాత్రమే మిగులుతుంది. దారిలో ఎక్కువసేపు ఉంటావు కాబట్టి సమయంలో కొంత కలిసివస్తుందన్నది నిజమే. కానీ సముద్రం మీది పక్కగాలి ముందు చక్రాన్ని తోసేస్తే, నీలా తేలికగా ఉన్నవారికి హ్యాండిలు నిలపడం కష్టమవుతుంది. సమీక్షకుడి బరువెంతో ఆ పేజీలో ఎక్కడైనా రాశారా? కొనేముందు ఎవరివైనా అడిగి, గాలి బాగా వీచే రోజున తొక్కి చూడు.

హెల్మెట్ విషయంలో మాత్రం ఏ పత్రిక మాటా వినవద్దు. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ ప్రయోగశాల 2018 నుంచి సైకిలు హెల్మెట్లను దెబ్బ నుంచి తలను ఎంతగా కాపాడతాయో పరీక్షించి నక్షత్రాలు ఇస్తోంది. ముందు ఆ పట్టిక చూడు, తరువాత నీ తలకు సరిగ్గా పట్టేదాన్నీ, వేడికి గాలి ఆడేదాన్నీ ఎంచుకో.

మిగతా వస్తువుల సమీక్షల్లో మొదట లోపాలు చెప్పిన భాగం చదువు. అక్కడ ధర, రంగు తప్ప మరే లోపమూ కనిపించకపోతే ఆ సమీక్షను పక్కన పెట్టేయి. ఎన్నాళ్లు వాడారో, ఏ వాతావరణంలో వాడారో రాసిన సమీక్ష దొరికితే, నక్షత్రాలు తక్కువ ఇచ్చినా సరే, దాన్ని జాగ్రత్తగా చదువు.

సరిచేసిన జాబితా ఈ ఆదివారంలోగా పంపు. టైర్లు, హెల్మెట్ సంగతి తేలేదాకా దేనికీ డబ్బు కట్టవద్దు. ఆ రెండింటికీ అయ్యే ఖర్చు నేను పంపుతాను, మీ నాన్నను అడగనక్కరలేదు.

ప్రేమతో,
పెదనాన్న