డ్రై బ్యాగ్ చిరగలేదు, అయినా లోపల స్లీపింగ్ బ్యాగ్ తడిసింది: సమాధానం

డ్రై బ్యాగ్ అంటే మూతిని చుట్టి క్లిప్ పెట్టి మూసే, నీళ్లు చొరని సంచి. చిరుగు లేదంటున్నారు కాబట్టి నీళ్లు బహుశా మూతి మడతలోంచే వెళ్లి ఉంటాయి.

1. నిండా కుక్కకండి. మడవడానికి పైన జానెడు ఖాళీ ఉంచండి.

2. మోకాలితో నొక్కి గాలి తీసేయండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. మూతి అంచులకు అంటిన ఇసుక తుడిచి, రెండు అంచులూ ముడత లేకుండా కలిపి, కనీసం 3 చుట్లు బిగుతుగా చుట్టాకే క్లిప్ పెట్టండి. ఒక్క ముడత ఉన్నా నీళ్లకు అదే కాలువ. వానలో, చీకట్లో తొందరపడి నేనూ ఒక్క చుట్టుతో సరిపెట్టాను, రాత్రంతా వణుకే.

4. తడి బట్టలు వేరే సంచిలో పెట్టండి.

బయల్దేరే ముందు ఖాళీ బ్యాగ్‌లో గాలి ఉంచి మూసి, బకెట్ నీళ్లలో ముంచి నొక్కండి. బుడగలు వచ్చిన చోటే లీకు.