ఓటు పెట్టినాక దాని మాట వినాలి

కర్నూలు

పాపా,

నీ ఉత్తరం అందింది. నాలుగు, ఐదు తరగతులకు ప్రభుత్వం పాఠం చెప్పాలంటే టెన్షన్‌గా ఉందన్నావు. రాష్ట్రపతి ఎవరు, ప్రధాని ఎవరు అని బోర్డు మీద రాస్తే గడగడా ఒప్పజెప్పి మర్నాటికి మరిచిపోతున్నారని బాధపడ్డావు. నేనూ మొదటి రెండు మూడేళ్లు అట్లాగే చెప్పినాను. పిల్లల తప్పేం లేదు. ఢిల్లీ వాళ్లకు చాలా దూరం.

నువ్వు బడి ముందరి కొళాయి దగ్గర మొదలుపెట్టు. ఈ నీళ్లు ఎవరు వదులుతారు, మోటారు కాలిపోతే ఎవరు బాగు చేయిస్తారు, ఆ డబ్బు ఎక్కడిది అని అడుగు. "సర్పంచ్ ఇస్తాడు" అంటారు. అప్పుడు ఇంటి పన్ను రసీదు తెమ్మని చెప్పు. నా క్లాసులో ఒక పిల్లోడు రేషన్ కార్డు కవర్లో నాలుగు మడతలు పెట్టి తెచ్చినాడు. అందులో వాళ్ల అవ్వ పేరు, ఇంటి నంబరు చూసి వాడి ముఖం వెలిగిపోయింది. వీధి దీపంలో వాళ్ల అవ్వ డబ్బు కూడా ఉందని వాడికి ఆరోజే తెలిసింది. రసీదులో గ్రంథాలయ సెస్సు కూడా కనిపిస్తే, "మన ఊళ్లో లైబ్రరీ ఏది టీచర్?" అని అడుగుతారు. అడగనీ. వాళ్లను సముదాయించి కూర్చోబెట్టొద్దు.

ఇప్పుడు ఓటు సంగతి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

ఒకసారి ఊరి పెద్దాయన ఒకరు బడికి ఐదు వందలు ఇచ్చినారు. కథల పుస్తకాలు కొందామా, బంతి కొందామా అని ఓటు పెట్టినాను. సుద్దముక్కల డబ్బాకు చీలిక పెట్టి, చీటీలు కత్తిరించి, ఎడమ చూపుడు వేలికి స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, అంతా పద్ధతిగా చేసినాం. బంతికి 17, పుస్తకాలకు 9 వచ్చినాయి. నా మనసు పుస్తకాల మీద ఉంది. వాళ్ల మంచికే అనుకుని పుస్తకాలే తెచ్చినాను. ఐదో తరగతి పిల్ల ఒకతి లేచి, గీత ఇంకా చెరిగిపోని వేలు నాకు చూపించి, "మరి మాతో ఓటెందుకు ఏయిచ్చినారు టీచర్?" అంది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ప్రార్థనలో అందరి ముందర తప్పు నాదేనని చెప్పి, నా డబ్బుతో బంతి కొనిచ్చినాను.

అందుకే చెబుతున్నా, నువ్వు ఒప్పుకోగలిగిన విషయాల మీదే ఓటు పెట్టు. పెట్టినాక నీకు నచ్చకపోయినా వాళ్ల మాటే చెల్లాలి.

అసలు పాఠం ఆ తర్వాత వచ్చింది. బంతి రాగానే పెద్ద పిల్లోళ్లు పట్టేసుకున్నారు. ఓడిపోయిన తొమ్మిది మంది, చిన్నోళ్లు గోడ పక్కన నిలబడి చూస్తున్నారు. ఎక్కువ ఓట్లు వచ్చినంత మాత్రాన బంతి వాళ్ల సొంతమా అని అడిగినా. పిల్లలే గంటసేపు వాదించుకుని, ఏ రోజు ఎవరిదో చార్టు మీద రాసి, కింద అందరూ సంతకాలు పెట్టినారు. చట్టం అంటే ఏమిటో నేను వేరే చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

కొన్నిటిని మాత్రం ఓటుకు పెట్టనే కూడదు. మధ్యాహ్న భోజనంలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది అట్లాంటిది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజే అది తేలిపోయింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. క్లాసంతా చేతులెత్తినా అది మారదని గట్టిగా చెప్పు. ఇక్కడ మెత్తబడొద్దు.

గుర్తులు పెట్టేటప్పుడు జాగ్రత్త. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు కదా, నువ్వు కూడా పలక, గంట, చెట్టు లాంటివి పెట్టుకో. సైకిలు, ఫ్యాను, చెయ్యి వైపు పోవద్దు. మన సీమ ఊళ్లలో ఇంటి గొడవలు బడిలోకి రావడానికి ఎంతోసేపు పట్టదు.

రాష్ట్రం గురించి చెప్పాల్సి వస్తే కర్నూలు కథే చెప్పు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మన కర్నూలే రాజధాని. భవనాలు చాలక ప్రభుత్వ ఆఫీసులు గుడారాల్లో నడిచినాయి. 1956 నవంబరు 1 దాకా కర్నూలే రాజధాని. ప్రభుత్వమంటే పెద్ద భవనం అనుకునే పిల్లలకు ఆ గుడారాలు బాగా గుర్తుంటాయి. పక్కనే ఉన్న పెద్దపాడులో పేదింట్లో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు 1960లో ముఖ్యమంత్రి అయినారని చెప్పు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయన. వెనక బెంచీ పిల్లలు తల ఎత్తి వింటారు.

గ్రామసభ జరిగితే పిల్లలను తీసుకుపోయి ఒక పక్కన కూర్చోబెట్టు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్ల అమ్మానాయనలందరూ అందులో సభ్యులేనని ముందే చెప్పు. సాయంత్రం ఇంటికి పోయి, "అమ్మా, నువ్వెందుకు రాలేదు?" అని వాళ్లే అడుగుతారు.

కొళాయి దగ్గర బురద నిలుస్తోందని రాశావు కదా. పిల్లలతోనే పంచాయతీ కార్యదర్శికి అర్జీ రాయించు. భాష నువ్వు దిద్దొద్దు, తేదీ మాత్రం వేయించు. ఇద్దరిని పంపి పంచాయతీ ఆఫీసులో ఇప్పించి, రసీదు తెప్పించి గోడకు అంటించు. పని కాకపోతే పదిహేను రోజులకు మళ్లీ పంపు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ అర్జీ నకలొకటి పట్టుకురా. ఏం రాసినారో చూడాలని ఉంది.

నీ పెద్దమ్మ