గోడ అడ్డమా, తీగ లోపమా? – ఇంటి కంప్యూటర్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ సంచికకు ఎంచుకున్న అయిదు ఉత్తరాలూ కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవే. రాసినవారిలో ముగ్గురు కొత్త రౌటరు కొనే ఆలోచనలో ఉన్నారు. వారు డబ్బు బయటికి తీయకముందే ఈ జవాబులు చేరితే బాగుండును.

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో మాది తాతల నాటి రాతి ఇల్లు. ముందు పడసాలలో రౌటరు ఉన్నది, అక్కడ నెట్టు చక్కగా వస్తుంది. వెనుక గదిలో మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఆన్‌లైన్ పాఠాలు వింటుంది. అక్కడ వైఫై గుర్తు దాదాపు నిండుగానే కనిపిస్తుంది గాని, పాఠం మధ్యలో బొమ్మ నిలిచిపోతుంది. కంపెనీవారు వచ్చి రౌటరు పక్కన ఫోను పెట్టి, వేగం చూపించి వెళ్లిపోతున్నారు. ఎక్కువ శక్తి గల రౌటరు కొనమంటారా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కంపెనీ మనిషి చూపించినదీ నిజమే, మీరు పడుతున్న ఇబ్బందీ నిజమే. ఆయన బాధ్యత రౌటరు దాకా వచ్చి ఆగిపోతుంది, మీ చిక్కు అక్కడి నుంచి మొదలవుతుంది. ముందుగా దీనిని రూఢి చేసుకోండి. లాప్‌టాప్‌ను పడసాలలోకి తెచ్చి, వైఫై ఆపి, రౌటరుకు కేబులుతో కలిపి, ఒక పాఠం మొత్తం అక్కడే విననివ్వండి. ఎక్కడా ఆగకపోతే బయటి లైను బాగున్నట్టే. అక్కడ కూడా ఆగితే మాత్రం ఈ కింద రాసినది పక్కన పెట్టి, కంపెనీకి మళ్లీ ఫిర్యాదు చేయండి.

మీ వైపు పాత ఇళ్లలో రాతిగోడ మందం మూరెడు ఉండడం మామూలే. ఇప్పటి రౌటర్లు చాలావరకు రెండు రకాల తరంగాలను పంపుతాయి. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగమైనదే గాని, అటువంటి గోడను దాటేసరికి చాలావరకు నీరసించిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడను కొంత మెరుగ్గా దాటుతుంది, కాని గోడకు గోడ ఆనుకొని ఉండే పాతబస్తీలో చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ అదే దారిలో నడుస్తుంటాయి. మీ లాప్‌టాప్‌లో గుర్తు నిండుగా ఉందంటే రౌటరు మాట లాప్‌టాప్‌కు వినబడుతున్నదని అర్థం. లాప్‌టాప్ మాట రౌటరుకు చేరుతున్నదో లేదో, మధ్యలో పక్కింటివారి గోల ఎంత ఉన్నదో ఆ గుర్తు చెప్పదు. ఎక్కువ శక్తి గల రౌటరు కొన్నా ఫలితం అంతంతమాత్రమే అనడానికి కారణం ఇదే: రౌటరు గట్టిగా మాట్లాడినంత మాత్రాన లాప్‌టాప్ గొంతు పెరగదు.

ఖర్చు లేని పనులు మొదట చేయండి. ఫోనులో వైఫై ఎనలైజర్ వంటి ఉచిత యాప్ పెట్టుకుంటే, మీ ఇంట్లో వినబడే రౌటర్లు ఏయే ఛానెళ్లలో, అంటే ఆ తరంగంలోని ఏయే దారులలో, ఉన్నాయో తెలుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11. వాటిలో రద్దీ తక్కువగా ఉన్నదానిని రౌటరు సెట్టింగులలో ఎంచుకొని, ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. ఆ తరువాత రౌటరు ఉన్న చోటు చూడండి. పాత ఇళ్లలో చాలామంది దానిని గోడలోని గూటిలో పెడతారు, లేదా ఇనుప బీరువా మీద ఓ మూలకు నెట్టేస్తారు. గూడంటే మూడు వైపులా రాయి, బీరువా అంటే పెద్ద ఇనుప రేకు, రెండూ తరంగానికి శత్రువులే. రౌటరును బయటికి తీసి, నడిమింటి వాకిలికి ఎదురుగా, మనిషి ఎత్తున పెట్టండి. యాంటెనాలను నిటారుగా నిలబెట్టండి, ఎందుకంటే తరంగం ఆ కడ్డీకి చుట్టూ పక్కలకు వ్యాపిస్తుంది గాని కడ్డీ కొన వైపు అంతగా పోదు.

ఇంత చేసినా వెనుక గదికి అందకపోతే, నా సలహా కేబులే. ల్యాన్ కేబులు 100 మీటర్ల వరకు నిక్షేపంగా పనిచేస్తుంది, మీ ఇంటికి అందులో మూడో వంతు కూడా పట్టదు. గోడకు రంధ్రం వేయనక్కరలేదు. వాకిలి ద్వారబంధం పైనుంచి గాని, మిద్దెకు గవాక్షి ఉంటే దానిలోనుంచి పైకి తీసి అవతలి గవాక్షిలో దింపిగాని కేబులు లాగవచ్చు. మిద్దె మీద పోయే భాగాన్ని మాత్రం ప్లాస్టిక్ పైపులో దూర్చాలి, లేకపోతే మన ఎండలకు పై తొడుగు పెళుసుబారి పగిలిపోతుంది. ఆ కొసన పాత రౌటరు ఒకటి పెట్టుకుంటే వెనుక గదికి సొంత వైఫై వస్తుంది, ఎలా పెట్టాలో చివరి జవాబులో రాశాను. గోడ సాకెట్‌కు తగిలించే ఎక్స్‌టెండర్లను నేను సాధారణంగా సిఫారసు చేయను. చౌక రకాలు విన్న మాటనే అదే తరంగం మీద తిరిగి చెబుతాయి కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది.

ప్రశ్న: మాకు 200 ఎంబీపీఎస్ ప్లాను ఉన్నది. ఫోనులో వైఫై మీద వేగం 180 దాకా చూపిస్తుంది. కేబులుతో కలిపిన కంప్యూటరులో మాత్రం 94 దాటదు, ఫైలు దించుకుంటే 11 మాత్రమే చూపిస్తుంది. కేబులు వైఫై కన్నా మేలని మీరే రాశారు కదా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: 11, 94 ఒకే వేగానికి రెండు లెక్కలు. కంపెనీ ప్లానును బిట్లలో చెబుతుంది, ఫైలు దించుకునే తెర బైట్లలో చూపుతుంది, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 94ను ఎనిమిదితో భాగించి చూసుకోండి.

అసలు ప్రశ్న 94 దగ్గరే ఎందుకు ఆగిందన్నది. ఆ అంకె కనబడగానే మీ కేబులు లంకె 100 వేగానికి కుదించుకుపోయిందని అనుకోవచ్చు. ల్యాన్ కేబులులో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. 100 వేగానికి రెండు జతలు చాలు, 1000 వేగానికి నాలుగు జతలూ కావాలి. 100 వేగానికి వాడే రెండు జతలు బాగుంటే, మిగతా రెండు జతలలో ఒక తీగ తెగినా, ప్లగ్గులో సరిగా నొక్కుకోకపోయినా, నెట్టు ఆగిపోదు. చప్పుడు లేకుండా 100కు దిగి అక్కడే నడుస్తుంది. విండోస్ సెట్టింగులలో ఈథర్‌నెట్ వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ 100/100 అని ఉన్నదో, 1000/1000 అని ఉన్నదో కనిపిస్తుంది. 100 అని ఉంటే ప్లగ్గు చివర చూడండి. పారదర్శకంగా ఉండే ఆ చిన్న ప్లగ్గుకు నాలుక వంటి ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది. అది విరిగితే ప్లగ్గు రంధ్రంలో బిగుసుకోక, వెంట్రుకవాసి వెనక్కి జరిగి ఒకటి రెండు తీగల స్పర్శ పోతుంది. వేరే మంచి కేబులు మార్చి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. కేబులు మార్చినా 100 దాటకపోతే, రౌటరు పోర్టో కంప్యూటరు పోర్టో 100 వేగానికే తయారైనదై ఉండాలి. అటువంటి పోర్టులున్న రౌటర్లను ఇప్పటికీ అమ్ముతున్నారు.

ప్రశ్న: మా కంప్యూటరు ఇనుప పెట్టెను వట్టి కాళ్లతో నిలబడి ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటుంది. టెస్టరు పెడితే సన్నగా వెలుగుతుంది. ఎండాకాలం వస్తే మరీ ఎక్కువ. మా ఊరి ఎలక్ట్రీషియన్ సాకెట్ లోపల న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తీగ కలిపితే పోతుందని అంటున్నాడు. కలిపించమంటారా?
– ఒక పాఠకురాలు, కళ్యాణదుర్గం

జవాబు: కలిపించవద్దమ్మా. ఆ తీగ కలిపిన రోజు జుమ్మనడం నిజంగానే పోతుంది, అందుకే ఈ చిట్కా ఊరూరా బతికి ఉన్నది. కాని స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో న్యూట్రల్ తీగ ఎప్పుడైనా ఊడితే, ఇంట్లో వెలుగుతున్న ఫ్యానూ బల్బుల గుండా వచ్చిన కరెంటు తిరిగి పోవడానికి దారి లేక, మీరు కలిపిన ఆ చిన్న తీగ మీదుగా కంప్యూటరు పెట్టెలోకి పూర్తి 230 వోల్టులతో చేరుతుంది. ఎర్త్ పిన్నుకు తగిలిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పరిస్థితీ అంతే. సాకెట్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే ఇక న్యూట్రల్ ఊడేదాకా ఆగనక్కరలేదు, స్విచ్చి వేసిన క్షణంలోనే ప్రమాదం.

ఇప్పుడు జుమ్మనడం ఎందుకో చెబుతాను. కంప్యూటరుకు కరెంటు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ లోపల, విద్యుత్ గోలను వడగట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఇనుప పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్త్ సవ్యంగా ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పెట్టె మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 115 దరిదాపుల్లో నిలుస్తుంది. వోల్టేజీ ఎక్కువే అయినా కరెంటు మిల్లీఆంపియరు లోపే కాబట్టి జుమ్మంటుంది. కంప్యూటరు తయారీలోనే ఈ ఏర్పాటు ఉన్నది గనుక ఒక్క ఈ లక్షణాన్ని బట్టి మీ కంప్యూటరు చెడిపోయిందని అనుకోవలసిన పని లేదు. అది మీ ఇంటి ఎర్త్ పనిచేయడం లేదని చెబుతున్నది. అలాగని ఉపేక్షించనూ కూడదు, ఎందుకంటే రేపు నిజంగానే ఏదైనా తీగ తొడుగు చిరిగి పెట్టెకు తగిలితే మిమ్మల్ని కాపాడవలసినది ఆ ఎర్తే. పైగా ఈ స్థితిలో టీవీకో మానిటరుకో హెచ్‌డీఎంఐ తీగ తగిలించేటప్పుడు రెండు పెట్టెల మధ్య వోల్టేజీ తేడా వల్ల పోర్టు కాలిపోయే అవకాశమూ ఉన్నది.

లోపం ఎక్కడుందో కంప్యూటరు నుంచి వెనక్కి వెతకాలి. మొదటి అనుమానం ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద: చౌక రకాలలో మూడో రంధ్రం పేరుకే ఉంటుంది, లోపల తీగ ఉండదు. మూడు పిన్నులను రెండు పిన్నులకు మార్చే ప్లగ్గు వాడుతుంటే తీసేయండి. కంప్యూటరును నేరుగా గోడ సాకెట్‌కు తగిలించినా జుమ్మంటే, ఆ సాకెట్ దగ్గర ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష పెట్టించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 60 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు ఎంత వెలుగుతుందో, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా అంతే వెలగాలి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి తగదు, రవ్వంత కరెంటుకే వెలిగి మోసం చేస్తుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి నేలకు పోతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి, ఉంటే ఈ పరీక్షకు అది పడిపోతుంది, అందుకు కంగారు పడనక్కరలేదు. పరీక్ష మాత్రం మీరు చేయవద్దు.

బల్బు మసకగా వెలిగితే, మీటరు బోర్డు నుంచి ఎర్త్ గొయ్యికి పోయే తీగ తుప్పు పట్టి ఊడి ఉండాలి, లేదా గొయ్యి ఎండిపోయి ఉండాలి. ఎండాకాలంలో ఎక్కువవుతున్నదని మీరు రాశారు కనుక నా అనుమానం గొయ్యి మీదనే. అనంతపురం దేశంలో వానలు మరీ తక్కువగా పడే జిల్లాలలో ఒకటి, పైగా చాలాచోట్ల రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. పొడి నేలలోకి కరెంటు సరిగా దిగదు. గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసేది తేమ నిలవడానికే. ఎండాకాలం నాలుగు నెలలు రోజు విడిచి రోజు రెండు బిందెల నీళ్లు ఆ గొయ్యిలో పోయండి. అయినా మారకపోతే మరింత లోతుగా కొత్త గొయ్యి తీయించండి. ఆ పనితో పాటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోవడం మంచిది.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లో ఏ వెబ్‌సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదని వస్తుంది. అదే వైఫై మీద ఫోనులో అన్నీ తెరుచుకుంటున్నాయి. వైరస్ అంటారా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: తెర కింది మూలన తేదీ చూడండి. బహుశా ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది, దానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మీ కంప్యూటరు లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు, అందుకే బ్రౌజరు ఒప్పుకోవడం లేదు. తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకుంటాయి. స్విచ్చి ఆపి మళ్లీ వేసినప్పుడు తేదీ తిరిగి వెనక్కి పోతే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉన్న 3 వోల్టుల సెల్లు అయిపోయినట్టు. దాని పేరు సీఆర్2032, గడియారాలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది. ప్లగ్గు పూర్తిగా తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేటట్టు కొత్తది పెట్టండి.

ప్రశ్న: మేడ మీదికి వైఫై కోసం, పాత కంపెనీవారు వదిలేసిన రౌటరును కొత్త రౌటరుకు కేబులుతో కలిపాను. ఒక పూట బాగుంటుంది, ఒక పూట ఇల్లంతా నెట్టు పోతుంది. పాతది తీసేస్తే అంతా సవ్యం. అది చెడిపోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: చెడిపోలేదు, పెత్తనానికి వచ్చింది. ఇంట్లో ప్రతి ఫోనుకూ ఒక చిరునామా, బయటికి పోయే దారి చెప్పే పని రౌటరుది. ఈ పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఇప్పుడు మీ ఇంట్లో ఆ పని ఇద్దరు చేస్తున్నారు. కొత్త రౌటరు చేత చిరునామా తీసుకున్న ఫోనుకు నెట్టు వస్తుంది, పాతదాని చేత తీసుకున్న ఫోను నెట్టు లేని తలుపు తడుతుంది. దానికి తోడు రెండు రౌటర్ల సొంత చిరునామా కూడా ఒకటే, సాధారణంగా 192.168.1.1, అయి ఉండవచ్చు.

పాత రౌటరును విడిగా పెట్టి, వెనుక ఉండే చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లకు పైగా నొక్కి, మొదటి స్థితికి తీసుకురండి. దానికి లాప్‌టాప్ ఒక్కటే కలిపి, బ్రౌజరులో ఆ రౌటరు చిరునామా కొట్టి, అడుగున చీటీ మీద ఉన్న పేరు, పాస్‌వర్డుతో దాని సెట్టింగుల లోపలికి వెళ్లండి. మేడ మీది వైఫైకి కింది అంతస్తు వైఫై పేరు, పాస్‌వర్డే ఇచ్చి, ఛానెల్ మాత్రం వేరుగా ఎంచుకోండి. తరువాత ల్యాన్ సెట్టింగులలో దాని చిరునామాను 192.168.1.2 అని మార్చండి. మార్చిన వెంటనే అది తెగిపోతుంది, కొత్త చిరునామాతో మళ్లీ లోపలికి వెళ్లి, చివరగా డీహెచ్‌సీపీ ఆపేయండి. డీహెచ్‌సీపీ ముందే ఆపితే లాప్‌టాప్‌కు చిరునామా ఇచ్చేవారు లేక మీరు బయటే ఉండిపోవచ్చు. కింది రౌటరు చిరునామా 192.168.1తో మొదలు కాకపోతే, దానిలో చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలనే వాడి చివరి సంఖ్య మార్చండి.

ఇప్పుడు కింది నుంచి వచ్చిన కేబులును పాతదానిలో ల్యాన్ అని రాసి ఉన్న పోర్టులలో ఒకదానికి పెట్టండి. రంగు వేరుగా ఉండి వాన్ అని రాసి ఉండే పోర్టు ఖాళీగానే ఉండాలి. పని ముగిశాక మేడ మీది వైఫైకి కలిసిన లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. డిఫాల్ట్ గేట్‌వే అన్న చోట కింది రౌటరు చిరునామా కనిపిస్తే సరిపోయినట్టు. లాప్‌టాప్ చిరునామా 169.254తో మొదలైతే దానికి ఎవరూ చిరునామా ఇవ్వలేదని అర్థం, అప్పుడు కేబులు పొరపాటున వాన్ పోర్టులో ఉన్నదేమో చూడండి.