వేగం ఒక్కటే చూసి రిపోర్టు రాయకు

డాక్టరమ్మకు ఆశీస్సులు.

నరాల్లో సంకేతం ఎంత వేగంగా పోతుందో చిన్న కరెంటు పెట్టి చూసే పరీక్ష గదిలో డ్యూటీ పడిందన్నావుగా, నాలుగు మాటలు రాస్తున్నాను. నరం పోగును చుట్టుకుని ఉండే ష్వాన్ కణమంటే కరెంటు తీగ మీది తొడుగని అనుకోకు. లోపలి ఆక్సాన్, అంటే సంకేతం మోసే పోగు, ఎంత లావుండాలో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. ష్వాన్ కణం చుట్టే కొవ్వు పొర మైలిన్ ఉన్న చోట, ఆక్సాన్ లోపలి సన్నని ప్రొటీన్ పోగులైన న్యూరోఫిలమెంట్లకు ఫాస్ఫేట్లు ఎక్కువగా చేరతాయి, అవి ఎడమెడంగా జరుగుతాయి, ఆక్సాన్ లావెక్కుతుంది. ట్రెంబ్లర్ అనే జన్యులోపమున్న చిట్టెలుకలో లోపమంతా ష్వాన్ కణాలు వాడే పీఎంపీ22 జన్యువులోనే ఉన్నా, సన్నబడేది మాత్రం ఆక్సాన్. దాని నరం ముక్కను మామూలు ఎలుకకు అతికిస్తే, ఆ ముక్కలోకి పెరిగిన మేరకే ఆక్సాన్లు సన్నబడ్డాయి!

ఇక పని సంగతి. చెయ్యి చర్మం 32 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. ఏసీలో చల్లబడ్డ చేతికి డిగ్రీకి సెకనుకు సుమారు 2 మీటర్ల చొప్పున వేగం పడిపోయి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు వెచ్చచెయ్యి. కండరం స్పందన ఇక పెరగని దశకు వచ్చాక కరెంటు ఇంకో 20 శాతం పెంచు. మోచేతి దగ్గర నరం లోతుగా ఉంటుంది. అక్కడ కరెంటుతో పిసినారితనం చేస్తే అబద్ధపు కండక్షన్ బ్లాక్ వస్తుంది, అంటే సంకేతం దారిలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. టేపు సరిగ్గా పెట్టు: మణికట్టు నుంచి మోచేతికి 220 మిల్లీమీటర్లు, ఆ రెండు చోట్ల నుంచి స్పందన రావడానికి పట్టే సమయాల్లో తేడా 4 మిల్లీసెకన్లయితే వేగం సెకనుకు 55 మీటర్లు.

అదే 38 కంటే తక్కువగా, చాలాసార్లు 20 దరిదాపుల్లో, అన్ని నరాల్లోనూ ఒకే తీరుగా ఉంటే సీఎంటీ1ఏ అనే వంశపారంపర్య నరాల జబ్బును అనుమానించు. పీఎంపీ22 ఒక కాపీ అదనంగా ఉండటమే దాని మూలం. వేగం చిన్నతనంలోనే తగ్గి, ఆ తర్వాత పెద్దగా మారదు. ఏటేటా కాళ్ల బలం తగ్గేది ఆక్సాన్లు రాలిపోవడం వల్ల. కాబట్టి పాత రిపోర్టుతో ఆంప్లిట్యూడ్, అంటే స్పందన తరంగం ఎత్తు, పోల్చు. పాదం మీది చిన్న కండరం నుంచి ఏమీ రాకపోతే 'స్పందన లేదు' అని ముగించకు. మోకాలి కింద కాలి ముందువైపు ఉండే టిబియాలిస్ యాంటీరియర్ కండరం మీద ఎలక్ట్రోడ్ పెట్టి చూడు.

వేగం ఒక నరంలో ఒకలా, ఇంకో నరంలో ఇంకోలా ఉండి, మోచేతి దగ్గర తరంగం చెదిరి వెడల్పైతే అది సీఐడీపీ కావచ్చు, అంటే రోగనిరోధక వ్యవస్థే మైలిన్‌ను దెబ్బతీసే జబ్బు. దానికి మందుంది, ఆలస్యం చేయకుండా పైవాళ్లకు చెప్పు.

సీఎంటీ1ఏ అని తేలితే కేసు షీటు మీద పెద్దక్షరాలతో 'విన్‌క్రిస్టిన్ వద్దు' అని రాయించు. ఆ క్యాన్సర్ మందు వీళ్ల నరాలను తీవ్రంగా దెబ్బతీస్తుంది.